ఉన్న వేలు

లక్ష్మీరాజం కాంటా ప్లేటు సగం ఊడ్చి రెండో సగానికి వచ్చాడు. రాత్రి వచ్చిన ట్రాక్టర్లు రాల్చిన వడ్లు, టైర్లకు అంటుకొచ్చిన నల్లమట్టి పెళ్లలు ఇనుప రేకు అంచుల్లో పేరుకున్నాయి. చీపురు ఎడమచేతిలో ఉంది. కుడిచేయి నడుముకు ఆనించుకున్నాడు. ఆ చేతికి చూపుడు వేలు లేదు, నడిమి వేలు లేదు. మిగిలినవాటితో చీపురు పట్టవచ్చు గాని కాసేపటికే మణికట్టు గుంజుతుంది.

అతను ప్లేటు మీద నిలబడినంతసేపు గదిలో, కిటికీ అద్దం వెనుక, ఎర్ర అంకెలు యాభై చూపుతాయి. లారీలను తూచే కాంటా అది. మనిషి బరువును పెద్దగా పట్టించుకోదు, పదుల్లో చెప్పి ఊరుకుంటుంది. ఊడ్చి దిగగానే సున్నా పడుతుంది. సున్నా పడితేనే పని మొదలు.

కోరుట్ల శివారులో ఆ కాంటా కరుణాకర్‌ది. మల్లాపూర్ దిక్కు నుంచి వడ్ల ట్రాక్టర్లు, మిల్లులకు పోయే లారీలు అక్కడ ఆగి తూగుతాయి. లక్ష్మీరాజం దానికి వాచ్‌మన్. ఊడవాలి, గొలుసు తీయాలి, బండి చక్రాలన్నీ ప్లేటు మీదికి వచ్చేదాకా చెయ్యి ఊపాలి. లోపల గదిలో కంప్యూటరు, దాని ముందు ఒక కుర్చీ. ఆ కుర్చీ మహిపాల్‌ది. మహిపాల్ ఈ సాయంత్రం దుబాయికి పోతున్నాడు.

పోయిన నెల కరుణాకర్ గోడ మీద కెమెరాలు బిగించేవాళ్లను పిలిచి చూపించాడు. సీజన్ అయిపోగానే కెమెరాలు వస్తాయి. కెమెరాలు వస్తే వాచ్‌మన్ అక్కర లేదు. ఆ రోజే లక్ష్మీరాజం గదిలోకి పోయి, కుర్చీ వెనుక నిలబడి, ‘మహిపాల్ పోయినంక గిండ్ల నేను కూసుంట’ అన్నాడు. కరుణాకర్ నవ్వాడు. మహిపాల్ కూడా నవ్వాడు. లక్ష్మీరాజం నవ్వులు అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు. చివరికి కరుణాకర్, “సరే తియ్యి. మహిపాల్ పోయే దినం నా ముంగట ఒక్క బండి తూచు. అప్పుడు చెప్త,” అన్నాడు.

ఆ దినం వచ్చింది.

కుర్చీ దొరక్కపోతే మిగిలింది మహారాష్ట్రలోని భీవండికి పోయే బస్సు. చిన్నాయన కొడుకు పోశం అక్కడి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మరమగ్గాలు నడిచే సాంచెల షెడ్డులో రాత్రి కావలి ఉంది, గది వాళ్లే ఇస్తారు అంటాడు. లక్ష్మీరాజం ఎత్తి వింటాడు, ఏమీ అనకుండా పెట్టేస్తాడు.

అతను సిరిసిల్లలో సాంచెల చప్పుడులోనే పుట్టాడు. ఇంట్లో మాట్లాడుకోవాలంటే అరవాలి. మీసాలు రాకముందే సాంచె నడిపాడు. బేరాలు పడిపోయి షెడ్డులు మూతబడ్డప్పుడు భీవండి పోయాడు. అక్కడ మగ్గం నడుస్తుండగానే దూది పీచు తీయాలి. ఆపితే సేటు ఊరుకోడు. పక్కనున్న పళ్ల చక్రానికి రేకు మూత ఉండాలి, లేదు. కుడిచేతి వేళ్లు రెండు దాంట్లో పోయాయి. పట్టీ కట్టించి, వారం తిరక్కుండా మళ్లీ నిలబెట్టారు. సిరిసిల్లలో భార్య ఇంద్రమ్మ కామెర్లతో చనిపోయిన పొద్దున ఫోన్ వస్తే, షిఫ్టు అయ్యేదాకా ఆ సంగతి చెప్పకుండా దాచింది కూడా ఆ సేటే. లక్ష్మీరాజం వచ్చేసరికి దహనం అయిపోయింది. ఆ సేటు ముఖం అతను మరిచిపోలేదు. మరిచిపోవలసిన అవసరమూ కనిపించలేదు. ఆ తర్వాత ఎవరినీ సేటు అని పిలవలేదు. కరుణాకర్‌ను అందరూ సేటు అంటారు. ఇతను మాత్రం సారు అంటాడు, అదీ తప్పనప్పుడు.

మహిపాల్ స్కూటీ దిగి గది తాళం తీశాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. నుదుట సిందూరం ఉంది. నిన్న పని అయ్యాక కొండగట్టు గుడికి పోయి వచ్చాడు.

“కాకా, ఇయ్యాలన్న స్విచ్చి దిక్కు చెయ్యి పెట్టకు. నీకు దండం పెడ్త.”

“పెట్టను.”

“నిన్నగూడ గట్లనే అన్నవు.”

నిన్న కూడా అలాగే అన్నాడు. మాట ఇచ్చినా చెయ్యి వినదు. సాంచె మీద దారం తెగితే ఆలోచించేది ఉండదు. చెయ్యి పోయి ఆపేయాలి. ఆపకపోతే జానెడు బట్ట పాడవుతుంది, దారం మోసే నాడె ఎగిరి మనిషికి తగులుతుంది. ఏళ్ల తరబడి అదే చేసిన చెయ్యి, కంప్యూటర్ తెర మీద ఏ చిన్న రాతల డబ్బా ఊడిపడ్డా గోడకున్న స్విచ్చి మీదికి పోతుంది. కంప్యూటర్ కిందనున్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. స్విచ్చి తీస్తే తెర నల్లబడుతుంది. తూచిన బండి లెక్క పోతుంది. పోయిన బండిని వెనక్కి పిలిచి మళ్లీ ప్లేటు ఎక్కించాలి. ఇట్లా చేసినందుకు ఒక లారీ డ్రైవరు అతని తల్లి పేరెత్తి తిట్టాడు. లక్ష్మీరాజం కూడా తిట్టాడు. లారీ మళ్లీ తూగింది.

మహిపాల్ నేర్పింది పద్ధతిగా ఏమీ కాదు. బండ్లు లేనప్పుడు కుర్చీ ఇచ్చి పక్కన నిలబడేవాడు. ఇది డెస్క్‌టాప్, ఇవి బొమ్మలు, బొమ్మ మీద రెండుసార్లు టకటక కొడితే తెరుచుకుంటుంది. ఇది ఫోల్డర్, బీరువా లెక్క. మూలకున్న గీత నొక్కితే తెర మీది కిటికీ కిందికి పోతుంది.

“ఏడికి పోయింది?”

“ఏడికీ పోలే కాకా. కింద పట్టీల ఉంది. మల్ల నొక్కు, అస్తది.”

“ఉంటే కనబడాలె గదా.”

పారేసినవి పడే బుట్ట చూపించి, దీంట్లో వేసింది కావాలంటే మళ్లీ తీసుకోవచ్చు అని చెప్పాడు. లక్ష్మీరాజం నమ్మలేదు. అబద్ధం అన్నాడు. మహిపాల్ ఒక ఫైలు పారేసి, తిరిగి తెచ్చి చూపించాడు. లక్ష్మీరాజం తెర వైపు చాలాసేపు చూసి, ఇంకోసారి చెయ్యమన్నాడు.

అసలు కొట్లాట మౌసు దగ్గర వచ్చింది. కుడిచేత్తో పట్టుకుంటే నొక్కాల్సిన చోట వేలు లేదు. ఎడమచేతికి మార్చాడు. ఎడమ చూపుడు వేలు కుడి బొత్తం మీద పడింది. ఏది నొక్కినా బొమ్మ తెరుచుకోదు, పక్కన పొడుగాటి పట్టీ ఒకటి దిగుతుంది. డబ్బా అనుకుని స్విచ్చి తీసేవాడు.

“నడిమి వేలుతోటి నొక్కు కాకా. ఎడమ చేతోళ్లు మస్తుమంది గట్లనే చేస్తరు.”

“చూపుడు వేలు ఉండంగ నడిమిదెందుకు?”

“మిషినిని బట్టి మనం అలవాటు చేసుకోవాలె.”

“ఇన్నేండ్లు మిషినిని బట్టే అలవాటు చేసుకున్న. రెండు వేళ్లు తిన్నది. ఇగ ఇదే నన్ను బట్టి అలవాటు చేసుకోవాలె.”

మహిపాల్‌కు కోపం వచ్చింది. బయటికి పోయి బీడీ తాగి వచ్చాడు. వచ్చి కుర్చీ మీదికి వంగి, మూలనున్న కిటికీ గుర్తు నొక్కాడు. చిన్న బొమ్మల వరుస లేచింది. అందులో ఒకటి పళ్ల చక్రం.

“సెట్టింగులు కావాలంటే దీన్ని నొక్కాలె. నొక్కు.”

లక్ష్మీరాజం చెయ్యి కదపలేదు. బూడిదరంగు చక్రం, చుట్టూ పళ్లు. మూత లేదు. మహిపాల్‌కు ఆ వేళ్లు మిషిన్లో పోయాయని తెలుసు గాని పళ్ల చక్రంలో పోయాయని తెలియదు. “గది బొమ్మ కాకా, కరవది,” అన్నాడు నవ్వుతూ. లక్ష్మీరాజం అతని వైపు చూడలేదు. బాణం గుర్తును చక్రం మీదికి తెచ్చి, ఉన్న వేలును బొత్తం మీద పెట్టి, అవసరానికి మించి గట్టిగా నొక్కాడు. పట్టీ దిగింది.

“గా వేలు కాదంటున్న గదా. ఇప్పటికి నడిమిదే పెట్టు, దీన్ని మార్చేదాక.”

అప్పుడు పెట్టాడు. చక్రం తెరుచుకుంది. డివైసెస్, దాని కింద మౌస్, అందులో ముఖ్యమైన బొత్తం ఏది అని ఒక గడి. ‘లెఫ్ట్’ ఉన్నచోట ‘రైట్’ పెట్టారు. అంతే. ఎడమచేతి చూపుడు వేలు కింద బొమ్మలు తెరుచుకోవడం మొదలైంది. ఆ తర్వాత ప్రతిరోజూ మహిపాల్ మౌసును మళ్లీ తన దిక్కుకు మార్చుకునేవాడు. ప్రతి మధ్యాహ్నం లక్ష్మీరాజం చక్రం లోపలికి పోయి తన దిక్కుకు తిప్పుకునేవాడు. అలా ఆ దారి ఒకటి అతనికి గట్టిపడింది. అక్షరాలు పెద్దవి చేసుకోవడం, వెలుతురు తగ్గించడం కూడా ఆ చక్రంలోనే దొరికాయి.

పొద్దు నడినెత్తికి వచ్చాక బాలవ్వ వచ్చింది. లక్ష్మీరాజానికి అక్క. కోరుట్లలో ఆమె ఇంట్లోనే అతని మంచం. బీడీలు కంపెనీలో ఇచ్చి పోతూ గంప చంకన పెట్టుకుని, సద్ది గిన్నె తెచ్చింది. వేళ్ల కొసలు పొగాకుకు పసుపుపచ్చగా ఉన్నాయి.

“పోశం మల్ల ఫోన్ చేసిండు తమ్మీ. నువ్వు ఎత్తుతలేవట.”

“ఎత్తిన.”

“ఎత్తి మాట్లాడాలె గదరా.”

“మాట్లాడితే పోవాలె.”

బాలవ్వ గదిలోకి తొంగి చూసింది. “గా డబ్బాతోటి నీకేం పంచాయితీ? నలుగుట్ల నవ్వులపాలు అయితవు. పిల్లగాండ్ల పని అది.”

“పిల్లగాండ్లు ఏడున్నరే? అందరు ఇమానాలు ఎక్కిరి.”

దగ్గు వచ్చింది. వంగి దగ్గాడు. బాలవ్వ గంప కింద పెట్టి వీపు మీద చెయ్యి వేయబోయింది. ఆ చెయ్యి తీసేసి అతను కుండలో నీళ్లు తాగాడు. దూది పీచు ఛాతీలో గూడు కట్టుకుందని జగిత్యాల డాక్టరు ఎక్సరే చూసి చెప్పి చాలాకాలమైంది. దుమ్ములో పని చేయొద్దన్నాడు. గది లోపల దుమ్ము తక్కువ. లక్ష్మీరాజం ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే కుర్చీ జాలికి ఇచ్చినట్టు అవుతుంది.

ఎండ వాలుతుండగా కరుణాకర్ కారు వచ్చింది. బయట ట్రాక్టర్లు వరుస కట్టి ఉన్నాయి. కరుణాకర్ గదిలోకి వచ్చి తెర చూశాడు.

“గీ అక్షరాలేంది, గోడ మీది రాతల లెక్క? మౌసేమొ ఎడమ దిక్కుంది.”

“కాక పెట్టుకున్నడు సేటు,” అన్నాడు మహిపాల్.

“అన్ని ఎప్పటి లెక్క చెయ్యి. రేపు ఇంకొకడు కూసుంటే తిప్పలైతది. మా బామ్మర్ది కొడుకు రేపో మాపో వస్తడు.”

మహిపాల్ లక్ష్మీరాజం వైపు చూశాడు. చూసి వంగి, అన్నీ మార్చేశాడు. అక్షరాలు చీమలయ్యాయి. మౌసు కుడిపక్కకు పోయింది. పోయేవాడికి పంచాయితీ ఎందుకు అనుకుని ఉంటాడు.

“ఇగ కూసో,” అన్నాడు కరుణాకర్. చేతులు కట్టుకుని తలుపుకు ఆనుకున్నాడు.

ప్లేటు మీదికి ఎక్కింది మల్లాపూర్ సారయ్య ట్రాక్టరు. సారయ్య బస్తాల మీద కూర్చుని కిటికీలోకి చూస్తున్నాడు. ఎర్ర అంకెలు గిర్రున తిరిగి ఒకచోట నిలిచాయి. లక్ష్మీరాజం కుర్చీలో కూర్చున్నాడు. బండి నంబరు కొట్టలేదు. మౌసు తీగను గుంజి, కీబోర్డు వెనుక నుంచి తిప్పి, ఎడమపక్క పెట్టుకున్నాడు. మూలనున్న కిటికీ గుర్తు దగ్గరికి పోయాడు.

“ఏం చేస్తున్నడు?” అన్నాడు కరుణాకర్.

పళ్ల చక్రం. దాని మీద నొక్కాడు. అలవాటు కొద్దీ చూపుడు వేలే పడింది, పట్టీ దిగింది. ఆ వేలు పక్కకు తీసి నడిమి వేలు పెట్టాడు. చక్రం తెరుచుకుంది. అక్షరాలు చిన్నవి. ముఖం తెరకు దగ్గరగా పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు. ఊరి బడిలో నేర్పిన ఇంగ్లీషు అక్షరాలు ఒకటొకటిగా వచ్చి కూడుకున్నాయి. డి, ఇ, వి. డివైసెస్. బయట సారయ్య డ్రైవరు హారన్ కొట్టాడు.

“పొద్దు గూకుతుంది, తూస్తరా తూయరా?”

“నీకంటె ముందు నేనే పోవాలె ఇంటికి. ఆగు,” అని తల తిప్పకుండానే అన్నాడు లక్ష్మీరాజం.

వరుసలో ఎవరో నవ్వారు. కరుణాకర్ ముఖం ఎర్రబడింది. “వాళ్లను ఆపి నువ్వు మౌసుతోటి ఆడుకుంటున్నవా?”

“పనిముట్టు సదురుకోకుండ పని ఎట్ల చేస్తరు సారు?”

గడిలో ‘రైట్’ పెట్టాడు. చూపుడు వేలును దాని చోటికి తెచ్చుకున్నాడు. సెట్టింగుల కిటికీ మూసి, కాంటా బొమ్మ మీద టకటక కొట్టాడు. బండి నంబరు, సారయ్య పేరు, ఊరు. కుడిచేతి ఉంగరపు వేలుతో కొన్ని అక్షరాలు, ఎడమచేత్తో కొన్ని. బరువు వచ్చి గడిలో కూర్చుంది. ప్రింటు నొక్కాడు.

తెర మధ్యలో డబ్బా ఊడిపడింది. పసుపుపచ్చ మూడుమూలల గుర్తు, దాని పక్కన రాత.

చెయ్యి స్విచ్చి దాకా పోయింది. లక్ష్మీరాజం పంపలేదు, అదే పోయింది. బొటనవేలు ప్లాస్టిక్‌ను తాకింది. మహిపాల్ కళ్లు మూసుకున్నాడు. లక్ష్మీరాజం ఆ చెయ్యిని వెనక్కి తెచ్చి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. ముఖం తెరకు ఆనించాడు. పెదాలు కదిలాయి. పి. ఎ. పి. ఇ. ఆర్.

“పేపరు,” అన్నాడు. మళ్లీ చదివాడు. “ప్రింటరుల పేపరు లేదట.”

“గంతేనా?” అన్నాడు, ఈసారి కంప్యూటరుతో. “గిది చెప్పటానికేనా ఇన్ని దినాలు ఊడిపడ్డది?”

మహిపాల్ పకాలున నవ్వాడు. లక్ష్మీరాజం లేచి, అరలోని కాగితాల కట్ట విప్పి ప్రింటరులో పెట్టాడు. డబ్బా దానంతట అది పోయింది. కర్రుమని చీటీ బయటికి వచ్చింది. చింపి కిటికీలోంచి సారయ్యకు ఇచ్చాడు. సారయ్య చీటీ చూసి, ఎర్ర అంకెలు చూసి, తల ఊపి డ్రైవరు భుజం తట్టాడు. ట్రాక్టరు దిగింది. అంకెలు సున్నాకు వచ్చాయి. ఇంకో ట్రాక్టరు ఎక్కింది.

“సరే,” అన్నాడు కరుణాకర్. “తూసుడైతే తూసినవు. మౌసు మాత్రం కుడి దిక్కే ఉండాలె.”

“కూసునేది నేనైతే నా దిక్కే ఉంటది. ఎవరన్న వేరేటోళ్లు కూసుంటే వాళ్లే మార్చుకోవాలె. ఎట్ల మార్చాల్నో చూపెడ్త.”

“పెద్ద నఖరాలు పడుతున్నవ్.”

లక్ష్మీరాజం రెండో బండి నంబరు కొడుతున్నాడు. కరుణాకర్ కిటికీ బయటి వరుసను చూశాడు. వరుస రోడ్డు దాకా ఉంది. మహిపాల్ బస్సు టైం అవుతోంది. బామ్మర్ది కొడుకు రేపు కూడా రాకపోవచ్చు. జేబులోంచి, మహిపాల్ అప్పజెప్పిన గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

“సీజన్ అయ్యేదాక కూసో. తర్వాత చూద్దం.”

“చూద్దం,” అన్నాడు లక్ష్మీరాజం.

కారు పోయింది. మహిపాల్ సంచీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

“మంచిగ కూసున్నవు కాకా. నేనే ఆగమైతున్న. దుబాయిల నాకు కంప్యూటర్ ఇస్తరనుకుంటున్నవా? సామాన్లు ఎత్తుడు పని. అయ్య తాటిచెట్లు ఎక్కి ఎక్కి నడుం పోగొట్టుకున్నడు, ఇగ నేను.”

ఏదైనా ధైర్యం చెబుతాడని అతను కాసేపు నిలబడ్డాడు. లక్ష్మీరాజానికి అటువంటి మాటలు రావు. ఉన్నా అబద్ధమవుతాయి.

“చేతులు పైలం,” అన్నాడు. “మూత లేని మిషిని దగ్గర చెయ్యి పెట్టమంటే పెట్టకు. తిడితే తిట్టనియ్యి.”

మహిపాల్ తల ఊపి రోడ్డు మీదికి పోయాడు. లక్ష్మీరాజం ఆఖరి ట్రాక్టరు తూచేసరికి చీకటి పడింది. ఇంటికి పోయి పోశానికి తనే ఫోన్ చేశాడు. రానని చెప్పి పెట్టేశాడు. అతను అంత పొడుగు మాట్లాడడం అదే మొదలని బాలవ్వ తర్వాత అనేది.

వడ్ల సీజన్ అయిపోయింది. కెమెరాలు వచ్చాయి. బామ్మర్ది కొడుక్కు మస్కట్ వీసా వచ్చింది. లక్ష్మీరాజం కుర్చీలోనే ఉన్నాడు. పసుపు కొమ్ముల బండ్లు మొదలైనప్పుడు కూడా ఉన్నాడు. వాచ్‌మన్ లేడు గనుక పొద్దున్నే ప్లేటు కూడా తనే ఊడ్చేవాడు. అద్దం వెనుక అంకెలు ఇప్పుడు నలభై చూపేవి. అటువైపు అతను చూసేవాడు కాదు. ఊడ్చి, ఊపిరి అందేదాకా గుమ్మం పట్టుకుని నిలబడి, లోపలికి పోయి కూర్చునేవాడు.

ఒక పొద్దున అతను లేవలేదు. బాలవ్వ చాయ్ తెచ్చి మంచం పక్కన పెట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది. చాయ్ మీద మీగడ కట్టింది.

కాంటా తాళంచెవి అతని చొక్కా జేబులో దొరికింది. మూడో నాడు కరుణాకర్ తనే వచ్చి గది తీశాడు. బయట పసుపు బస్తాల లారీ ఒకటి అప్పటికే ప్లేటు ఎక్కి ఉంది. కుర్చీలో కూర్చుని మౌసు కుడిపక్కకు జరుపుకున్నాడు. నొక్కాడు. పట్టీ దిగింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ దిగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. కరుణాకర్ పళ్లు కొరికి, తీగ గుంజి, మౌసును మళ్లీ ఎడమపక్కకు తిప్పి పెట్టాడు.

కీబోర్డుకు ఎడమపక్క, ఎప్పుడూ ఉండే చోటనే ఉంది అది. ఎడమ బొత్తం మహిపాల్ వదిలిపోయిన నాటి లాగే ఉంది. కుడి బొత్తం మీద ఒక వేలు పట్టేంత మేర నలుపు అరిగి, నున్నగా మెరుస్తోంది.